ఎదగని పురుగు

మా వసారాలో ఒక రాతి కంబం ఉంది. ప్రతి ఉగాదికీ మా మనవరాలిని దానికి ఆనించి నిలబెట్టి, తలమీద చెక్క స్కేలు అడ్డంగా పెట్టి పెన్సిలుతో గీత గీయడం నా అలవాటు. నేను అన్నీ పద్ధతి ప్రకారం చేసే మనిషిని. కాళ్లు జోడించి నిలబడాలి, మడమలు రాయికి తగలాలి, జడ పక్కకు జరపాలి. మొదటి నాలుగు గీతలూ ఒకదానికొకటి దూరంగా, చక్కగా పైకి పోయాయి. తర్వాతివి దగ్గర దగ్గరగా పడ్డాయి. తొమ్మిదో ఏట గీసిన గీత ఎనిమిదో ఏటి గీత మీదే పడింది. సున్నం మీద పెన్సిలు జారిందేమో అనుకుని మళ్లీ నిలబెట్టాను. మళ్లీ అక్కడే పడింది.

"తాతా, ఈ తూరి గీత గీయలేదేమి?" అంది ఆ పిల్ల, వెనక్కి తిరిగి చూసుకుని.

"గీసినానమ్మా. దాని మీదే ఉండాది."

ఆ పిల్లకు ఎత్తు రాకపోవడం ఒక సంగతి. దగ్గు రావడం ఇంకో సంగతి. మా ఇంట్లో అందరమూ అలాగే అనుకున్నాము. దగ్గుకు అనంతపురంలో ఒక డాక్టరు ఉండేవాడు. వానాకాలం, చలికాలం తేడా లేకుండా నెలకోసారి ఊపిరాడక ఆయన దగ్గరికి తీసుకుపోయేవాళ్లం. ఎత్తు గురించి ఏ డాక్టరుకూ చూపలేదు. అది జబ్బని ఎవరూ అనుకోలేదు. రాగిసంగటి, కోడిగుడ్లు పెట్టాము. వసారా దూలానికి తాడు కట్టి వేలాడమన్నాము. నేను చదువుకునే రోజుల నుంచీ డైరీ రాస్తున్నాను, నాటి ముచ్చట నాడే రాస్తాను. పిల్లకు దగ్గు వచ్చిన రోజున దగ్గు గురించి రాశాను. బడిలో ఎవరో పొట్టిదని ఏడిపించిన రోజున ఆ మాట రాశాను. ఆ రెండు సంగతులనూ ఒకే వాక్యంలో ఏనాడూ రాయలేదు.

రాయవలసినవాణ్ణి నేనే. ఎందుకో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి.

నేను పట్టుపురుగుల గుడ్లు తయారుచేసే కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాను. మైక్రోస్కోపు ముందు కూర్చోవడం నా పని. పట్టుగూటి నుంచి రెక్కలతో బయటికొచ్చిన సీతాకోకచిలుక గుడ్లు పెట్టిన తర్వాత ఆ తల్లిచిలుకను నూరి, ఆ చుక్కను గాజుపలక మీద వేసి చూడాలి. రోగబీజం కనిపిస్తే ఆ తల్లి గుడ్లన్నీ కాల్చేయాలి. ఒక్కటి తప్పించుకుపోయినా రైతు షెడ్డులో పురుగులన్నీ పోతాయి. రైతుల దగ్గరికి తనిఖీకి పోయినప్పుడు నేను మొదట చూసేది ఎదగని పురుగుల కోసమే. అన్నీ ఒకే రోజు పుట్టి, ఒకే ఆకు తిని, అన్నీ ఒకే తీరుగా పెరుగుతాయి. వాటి నడుమ ఒకటి చిన్నదిగా మిగిలిపోయిందంటే అది తిండి చాలక కాదు. దానికి లోపల రోగం ఉంది. దాన్ని తీసి సున్నపు గంపలో వేయమని నేను ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్కలేదు.

కొత్తచెరువు దగ్గర మా ఇంటి వెనకే షెడ్డు వేసి మా అల్లుడు పట్టుపురుగులు మేపుతాడు; అందరమూ ఒకే ఇంట్లో ఉంటాము. అతను నా భార్యకు ఆఖరి తమ్ముడు. మా వైపు అక్క కూతురిని చేసుకోవడం కొత్త కాదు; పుట్టినప్పుడే అనుకుంటారు, పెళ్లినాటికి కొత్తగా అనుకోవలసింది ఏమీ మిగలదు. అల్లుడైన తర్వాత కూడా అతను నన్ను మామా అని పిలవలేదు. నిక్కరు వేసుకున్న నాటి నుంచీ పిలిచిన 'బావా' అన్న పిలుపే ఇప్పటికీ నోట్లో ఉంది. మనవరాలికి నా భార్య అవ్వ కూడా, మేనత్త కూడా. ఆ పిల్ల తిక్క పుట్టినప్పుడు "అత్తా" అని పిలిచి ఆమెను ఉడికించేది.

బడి లేని రోజుల్లో ఆ పిల్ల షెడ్డులోనే ఉండేది. ఆ పిల్ల కంటి నుంచి ఏ పురుగూ తప్పించుకునేది కాదు. స్టాండు కింది వరసల పక్కన గొంతుకూర్చుని, మల్బరీ కొమ్మలు వేలితో కదిపి చూసేది. ఒకరోజు నేను పోయేసరికి అరచేతిలో ఒక పురుగును పెట్టుకుని ఉంది.

"చూడు తాతా. ఇది చిన్నది. తీసేస్తాండా."

"తీసెయ్," అన్నాను నేను.

ఆ పిల్ల దాన్ని గంపలో వేసి, చేయి గుడ్డకు తుడుచుకుని దగ్గింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. అల్లుడు కొమ్మలు పరుస్తున్నవాడు ఆగి వచ్చి, వీపు రాశాడు. ఆ షెడ్డులో ముగ్గురమూ ఉన్నాము. మాలో ఇద్దరికి ఆ పనే వృత్తి. అప్పుడు కూడా నాకు ఏమీ తట్టలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, తట్టలేదు అనడం కన్నా, మనసు ఆ పక్కకు పోకుండా నిలబడిందనాలి. ఎదగని పురుగును మేము ఏం చేస్తామో నాకు బాగా తెలుసు కదా.

అనంతపురం డాక్టరు ఒకసారి ఊపిరితిత్తుల ఫోటో చూసి, తర్వాత పిల్లను చూసి, "ఈమెకు వయసెంత?" అని రెండోసారి అడిగాడు. ఎదుగుదల హార్మోను తక్కువగా ఉందేమో, బెంగళూరులో పరీక్ష చేయించండి, తక్కువ ఉంటే రోజూ ఒక సూది వేస్తారు, అన్నాడు. ఆ మాట విని అల్లుడి మొహం వెలిగింది. పట్టుపురుగుల వాళ్లకు హార్మోను అంటే కొత్త కాదు. చివరి దశలో మేత మీద మందు చల్లితే పురుగు ఇంకో పూట ఎక్కువ తిని, గూడు బరువుగా కడుతుంది.

"పురుగుకే అంత పని చేస్తే బిడ్డకు చేయదా బావా?" అన్నాడు బస్సులో. "ఫోనులో చూసినా. ఆ సూది వేస్తే ఎత్తొక్కటే కాదంట, ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి కూడా పెరుగుతాదంట. ఒగే దెబ్బకు రెండూ."

"ఫోనులో అన్నీ రాస్తారు," అన్నాను.

"నీకు మైక్రోస్కోపులో కనపడిందొక్కటే నిజం."

మా కూతురు పిల్ల తల ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి వేరుశనగ చేలను చూస్తూ కూర్చుంది. ఆ సంవత్సరం వాన మొదట్లోనే మొహం చాటేసింది. కాయ పట్టని చేలు గాలికి బూడిదరంగులో ఊగుతున్నాయి. మా ఆశంతా ఆ సూది మీద పెట్టుకున్నామని ఆమె మొహం చూస్తేనే తెలిసేది. ఆ సూది వస్తే పిల్లకు ఊపిరి వస్తుంది. అదొక్కటే ఆమెకు కావలసింది. ఎత్తు వచ్చినా రాకపోయినా ఒకటే.

ఇంట్లో నా భార్య కూడా ధైర్యంగానే ఉంది. "నాలుగు జ్వరాలు లేచినాక పురుగే ఇంత లావవుతాది. నా బిడ్డ ఎన్ని జ్వరాలు లేచిందో, ఇంక పెరగక యాడికి పోతాది?" అని నవ్వింది. పురుగు చర్మం విడిచే ముందు మేత మాని కదలకుండా పడుకోవడాన్ని మా వైపు జ్వరం అంటారు. అందరమూ నవ్వాము. పిల్ల కూడా నవ్వింది, నవ్వుతో పాటే దగ్గు వచ్చింది.

బెంగళూరుకు మొదటిసారి పోయినప్పుడు ఒకరోజంతా ఆసుపత్రిలో ఉంచి, మందు ఎక్కించి, కాసేపటికొకసారి రక్తం తీశారు. కొంత రక్తం వేరే ఊరికి పంపారు. నెల దాటిన తర్వాత రమ్మన్నారు. రెండోసారి నేను, కూతురు, అల్లుడు ముగ్గురమూ పోయాము. పిల్లను బయట నర్సు దగ్గర బొమ్మల పుస్తకంతో కూర్చోబెట్టి మమ్మల్ని లోపలికి పిలిచారు. డాక్టరు నడివయసు ఆడమనిషి. కన్నడమూ తెలుగూ కలిపి, తొందర లేకుండా మాట్లాడింది.

"హార్మోను తక్కువ లేదు. చాలా ఎక్కువ ఉంది," అంది.

అల్లుడు కుర్చీ అంచుకు జరిగాడు. "ఎక్కువుంటే మంచిదే గదా మేడమ్?"

"ఎక్కువ ఎందుకు ఉందంటే, పంపినదాన్ని ఒంట్లో ఎవరూ వినడం లేదు. వినలేదని మెదడు ఇంకా ఇంకా పంపిస్తూ ఉంది."

"అయితే సూది?"

"ఇప్పుడున్నదే వినపడనప్పుడు ఇంకా పోసి ఏం లాభం? సూది పని చేయదు."

మా కూతురు చేతిలోని రుమాలును మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. అప్పుడు డాక్టరు అడిగింది, దగ్గు ఎప్పటి నుంచి ఉందని.

నేను కల్పించుకున్నాను. నా దగ్గర కాగితాలన్నీ తేదీల వరసలో, రెండు వేర్వేరు సంచుల్లో ఉన్నాయి. "ఆ దగ్గు వేరే మేడమ్. దానికి అనంతపురంలో వేరే డాక్టరు చూస్తున్నారు. ఆ కాగితాలు ఈ సంచిలో ఉన్నాయి."

"వేరే కాదండీ," అంది ఆమె. "రెండూ ఒకటే."

ఆ మాట విన్నప్పుడు నాకు ఏమైందో సరిగ్గా చెప్పలేను. చెవుల్లో షెడ్డు చప్పుడు వినిపించింది. చివరి దశలో పురుగులన్నీ ఒకేసారి ఆకు తింటుంటే వచ్చే చప్పుడు. ఆమె పెదవులు కదులుతున్నాయి. నేను కొంతసేపు ఏమీ వినలేదు.

తర్వాత అల్లుడు రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు గనుక నాకూ అర్థమైంది. ఆమె ఒక తెల్లకాగితం మీద గుండ్రంగా ఒక కణం గీసింది. హార్మోను వచ్చి కణం తలుపు తడుతుంది. తలుపు దగ్గర ఆ కబురు అందుకుని లోపలి అధికారికి చేరవేసే బంట్రోతు ఒకడు ఉంటాడు. మా పిల్లలో ఆ బంట్రోతు లేడు. అందుకని ఎముకలకు పెరగమన్న కబురు చేరలేదు.

"ఎదుగుదల హార్మోను ఎత్తు కోసమే అనుకుంటాం," అంది. "కానీ రక్షణ కణాలకు కూడా అది కబురు పంపుతుంది. గుండె పైభాగాన చిన్న గ్రంథి ఉంది. రోగాలతో పోరాడే కణాలు పని నేర్చుకునేది అక్కడే. దానికీ ఈ హార్మోను అండ కావాలి. ఇంకో సంగతి. ఆ కణాలకు వేరే కబుర్లు కూడా వస్తుంటాయి. ఎప్పుడు పోరాడాలి, ఎప్పుడు ఆగాలి అని. వాటిని మోసేది కూడా ఈ బంట్రోతే. వాడు లేకపోతే ఆగమని చెప్పే కణాలు సరిగా తయారు కావు. మిగిలినవి బయటి రోగాన్ని వదిలేసి, పాప ఊపిరితిత్తుల మీదే పడుతున్నాయి."

"మందు?" అన్నాడు అల్లుడు.

ఆమె ఆ ప్రశ్నను పక్కన పెట్టి, "మీరిద్దరూ దగ్గరి బంధువులా?" అని అడిగింది.

"అక్క కూతురు మేడమ్."

"ఆ లోపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే జబ్బు అవుతుంది. ఒక్కటే ఉంటే మనిషికి ఏమీ తెలియదు. జీవితమంతా తెలియదు."

అల్లుడు మా కూతురి వైపు చూడలేదు. మా కూతురు అతని వైపు చూడలేదు. నేను ఇద్దరినీ చూశాను. నా ఉద్యోగమంతా ఒక తల్లి గుడ్ల నుంచి వచ్చినవాటిని మళ్లీ తమలో తామే జతకట్టనివ్వకుండా, ఆడచిలుకలు ఒక జాతివి, మగచిలుకలు ఇంకో జాతివి వేర్వేరు గదుల్లో ఉంచే చోటే గడిచింది. ఆ గదుల తలుపులకు గడియ పడిందా లేదా అని సాయంత్రం చూసి ఇంటికి వచ్చేవాణ్ణి. ఆ ఇంట్లోనే ఈ పెళ్లికి పందిరి వేశాము. వచ్చినవాళ్లలో నా ఆఫీసువాళ్లు కూడా ఉన్నారు. ఎవరికీ, నాకు కూడా, ఏ ఆలోచనా రాలేదు. పురుగుల సంగతి పురుగులది, మనుషుల సంగతి మనుషులది.

బాగేపల్లి దాటేవరకూ బస్సులో పిల్ల బొమ్మల పుస్తకం ఇంటికి తెచ్చుకోనివ్వలేదని నర్సు మీద కోపంగా ఉంది.

నా భార్యకు చెప్పవలసిన పని నా మీద పడింది. వంటింట్లో పీట మీద కూర్చుని అలసందలు ఒలుస్తూ ఆమె అంతా విన్నది. సగం విని కోపం తెచ్చుకుంది.

"మా అమ్మను ఇచ్చింది కూడా మేనమామకే గదా. నేను పొట్టిగుండానా? నాకు దగ్గుండాదా? మా తమ్ముడు కొండెక్కి దిగుతాడు."

"అందరికీ వచ్చేది కాదు. ఇద్దరి దగ్గరా అదే లోపం ఉంటేనే."

"ఇద్దరికీ యాడనుంచి వచ్చింది?"

ఆమె నాకన్నా ముందే లెక్క కట్టింది. చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది.

"మా అమ్మనాయన్ల దగ్గర నుంచి వానికి. నా కడుపు నుంచి దానికి," అంది. కొంచెం ఆగి, "అంటే మధ్యలో ఉండేది నేను. నువ్వొక్కడివే బయట," అంది.

నేను అలా అనలేదని చెప్పాను. ఆమె వినలేదు. ఆ వారమంతా ఆమె పిల్ల పక్కనే పడుకుంది గాని, "అత్తా" అని పిల్ల ఏడిపించినప్పుడు తిరిగి ఏమీ అనలేదు. ఆ పిల్ల ఆ పిలుపు మానేసింది.

ఆ తర్వాత జరిగింది మా అల్లుడి షెడ్డులో. కొద్ది వారాల ముందు పిల్లలుగా తెచ్చిన పురుగులు మూడో జ్వరం లేచాయి. అతను మేత వేస్తున్నాడు, తడి చూస్తున్నాడు, సున్నం చల్లుతున్నాడు. పని అంతా సక్రమంగా ఉంది. నేను ఒక పొద్దున పోయి కొమ్మలు కదిపి చూస్తే, పెద్దవాటి నడుమ ఇక్కడొకటి అక్కడొకటి చిన్నవి పాకుతున్నాయి. ఒక వరసలో కాదు, అన్ని వరసల్లోనూ ఉన్నాయి. సున్నపు గంప మూలకు బోర్లించి ఉంది.

"చిన్నవి తీయలేదేమప్పా?" అన్నాను.

"చూసినా బావా."

"చూసి?"

అతను కొమ్మలు నరికే కత్తి పక్కన పెట్టాడు. "తింటాండాయి గదా. కొంచెం లేటుగా పెరుగుతాయేమో. ఉండనీ."

ముప్పై ఏళ్ల పైచిలుకు రైతులను తిట్టిన నోరు నాది. ఆ పొద్దున తెరుచుకోలేదు. గంప నేనే తీసుకుని తీయవలసింది. చేయి కొమ్మల దాకా పోయింది. ఒక చిన్న పురుగు తల ఎత్తి అటూ ఇటూ ఆడించింది. చేయి వెనక్కి తీసుకున్నాను. ఇద్దరమూ కలిసి మేత వేశాము.

గూళ్లు కట్టే ముందు రోగం బయటపడింది. పురుగులు మేత మానాయి, మెత్తబడ్డాయి, నల్లబడి కొమ్మలకు తలకిందులుగా వేలాడాయి. షెడ్డు తలుపు తీస్తే వాసన ఇంటిదాకా కొట్టింది. అంతా గుంత తీసి పూడ్చాము. పక్క షెడ్డు రైతు వచ్చి చూసి, ముక్కుకు టవలు అడ్డం పెట్టుకుని, "ఏమన్నా, ఇంట్లోనే పరీక్షలాయన్ని పెట్టుకొని ఇదేం పంట?" అన్నాడు. తమాషాకే అన్నాడు. అల్లుడు పార ఆపకుండా మట్టి తోస్తూనే, "ఆయన రిటైరైనాడు లేప్పా," అన్నాడు.

ఆ నెలాఖరున పిల్లకు మళ్లీ ఊపిరి అందలేదు. ఈసారి పెదవులు నీలంగా మారాయి. బెంగళూరు దాకా మూతికి ఆక్సిజను పెట్టి తీసుకుపోయాము. ఆ డాక్టరే చూసింది. ఇలాంటి పిల్లలు ప్రపంచంలోనే చాలా తక్కువమంది, అందుకని తప్పక నయమవుతుందని చెప్పలేను, అంది. ఉన్న దారి ఒకటే. పిల్ల ఎముకల్లోని మూలుగను మందులతో ఖాళీ చేసి, వేరేవాళ్ల మూలుగ ఎక్కించాలి. రక్షణ కణాలు పుట్టేది అక్కడే. కొత్త మూలుగలో బంట్రోతు ఉంటాడు.

"ఎత్తు?" అని మా కూతురే అడిగింది. అన్ని నెలల్లో ఆమె నోరు విప్పి అడిగిన మొదటి మాట అది.

"ఎత్తు రాదు. రక్తం మారుతుంది గాని ఎముకలు పాతవే. ఊపిరి దక్కవచ్చు."

"దక్కితే చాలు," అంది మా కూతురు.

మూలుగ ఇచ్చేవాళ్లది పిల్లకు సరిగ్గా కలవాలి. తోడబుట్టినవాళ్లు ఉంటే ముందు వాళ్లను చూస్తారు, మా పిల్ల ఒక్కతే. తల్లిదండ్రులది మామూలుగా సగమే కలుస్తుంది. సగంతో కూడా చేయవచ్చు గాని ఈ పిల్లకు ప్రమాదం ఎక్కువ, అంది డాక్టరు. అయినా పద్ధతి గనుక ఇద్దరి రక్తమూ తీశారు. నా భార్య కూడా చేయి చాపింది. ఆమె వయసుకు పనికిరాదని చెబితే, "తీసి పారేయండి, మీదేం పోతాది," అని కూర్చుంది. తీశారు.

ఫలితం చెప్పే రోజున నలుగురమూ ఉన్నాము. డాక్టరు కాగితాన్ని రెండుసార్లు చూసి, అల్లుడి పేరు పిలిచి, "మీరేనా తండ్రి?" అని అడిగింది. అవునన్నాడు.

"పూర్తిగా కలిసింది. పదికి పది. తండ్రికి ఇలా కలవడం అరుదు. మీలో లోపం ఒక్కటే గనుక మీ మూలుగలో బంట్రోతు పని చేస్తాడు."

అల్లుడికి అర్థం కాలేదు. మా కూతురికి కూడా కాలేదు. డాక్టరు మెల్లగా చెప్పింది. పిల్లకు తండ్రి నుంచి వచ్చిన సగం ఎలాగూ తండ్రిదే. తల్లి నుంచి వచ్చిన సగం, ఆ తల్లికి ఆమె తల్లి నుంచి వచ్చింది. అదే ఆ అవ్వ తమ్ముడి దగ్గర, అంటే మా అల్లుడి దగ్గర, రెండో సగంగా ఉంది. బయటి సంబంధమై ఉంటే ఇలా జరిగేది కాదు. "మీ పెళ్లి వల్లనే పాపకు ఈ జబ్బు. మీ పెళ్లి వల్లనే ఈ కలయిక కూడా," అంది.

నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను. మొదటిసారి ఈ గదిలో విన్నదానికన్నా ఇది నన్ను ఎక్కువ కుదిపింది. అప్పుడు ఒక తప్పు కనిపించింది. తప్పును తప్పని రాసుకుని మనిషి ఎలాగో బతకగలడు. ఇప్పుడు దాన్ని ఏ పక్కన రాయాలో తెలియలేదు. ఆ లెక్కలో నా భాగం ఎక్కడా లేదు, అటు జబ్బులోనూ లేదు, ఇటు మందులోనూ లేదు. నేను నిలబెట్టిన కుటుంబంలోనే నేను చూడ్డానికి వచ్చినవాడిలా కూర్చున్నాను.

నా భార్య ముందుకు వంగింది. "ఏమమ్మా, ఆ నోటితోనే తప్పంటివి, ఈ నోటితోనే మేలంటాండావు. ఒగటి చెప్పు తల్లీ."

డాక్టరు నవ్వలేదు. "రెండూ నిజమేనమ్మా," అంది.

"అట్లయితే వాన్ని తీసుకపో," అంది నా భార్య, తమ్ముడి భుజం మీద చేయి వేసి. "వాని ఒంట్లో ఉండేదంతా తీసుకో. బిడ్డకియ్యి."

అల్లుడు అప్పుడే ఏడ్చాడు. చిన్నప్పుడు మా ఇంట్లో దెబ్బ తగిలితే ఎలా ఏడ్చేవాడో అలాగే, మొహం పక్కకు తిప్పుకుని, ముక్కు భుజానికి తుడుచుకుంటూ.

ఆసుపత్రి నెలలను గురించి ఎక్కువ రాయను. పిల్లను అద్దాల గదిలో ఉంచారు. జుట్టు రాలిపోయింది. నోరంతా పుండ్లు పడి మంచినీళ్లు కూడా మింగలేకపోయింది. అల్లుడి నడుము ఎముకల నుంచి మూలుగ తీశారు. ఎర్రటి సంచిలో దాన్ని తీసుకొచ్చి మామూలు రక్తం ఎక్కించినట్లే ఎక్కించారు. అది చూసి నా భార్య, ఇంతేనా అని నన్ను అడిగింది. ఇంతే, అన్నాను. తర్వాత రోజులు గడిచాయి. ఒక జ్వరం వచ్చింది, అది తగ్గింది. ఒంటి మీద దద్దుర్లు లేచాయి, అవీ తగ్గాయి. ఒకనాడు డాక్టరు అద్దం అవతల నుంచి మాకు బొటనవేలు చూపించింది. పిల్ల రక్తంలో ఇప్పుడు తిరిగే కణాలు తండ్రివని చెప్పింది.

ఇంటికి వచ్చి ఇప్పటికి ఏడాది దాటింది. దగ్గు ఇంకా ఉంది, పాత దెబ్బ ఊపిరితిత్తుల్లో మిగిలింది. కానీ ఆసుపత్రికి పరుగెత్తడం ఆగింది. వసారా ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా పరుగెత్తగలదు. మొన్న ఉగాదికి కంబం దగ్గర తనే వచ్చి నిలబడింది. నేను వద్దన్నాను. "గీయి తాతా, నాకు తెలుసులే," అంది. గీశాను. ఆ గీత ఎక్కడ పడిందో ఇక్కడ రాయనక్కరలేదు.

ఈమధ్యనే డాక్టరు, మాస్కు కట్టుకుని కాసేపు షెడ్డులోకి పోవచ్చని ఒప్పుకుంది. కొత్త పురుగులు మూడో జ్వరం లేచి ఉన్నాయి. అల్లుడు తలుపు దగ్గర నిలబడి ఆమెను లోపలికి పంపాడు. నేనూ వెనకే పోయాను. పిల్ల మునుపటిలాగే గొంతుకూర్చుని కొమ్మలు వేలితో కదిపింది. ఒక పురుగును తీసి అరచేతిలో పెట్టుకుంది. తండ్రి మొహం అటు తిప్పుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. చూపు తిప్పుకోవడం నాకు చేతకాలేదు.

"గంపేది నాయనా?"

గంప ఇంకా మూలన బోర్లించే ఉంది. పిల్ల తనే పోయి దాన్ని ఎత్తి, దుమ్ము దులిపి, సున్నం డబ్బాలోంచి గుప్పెడు సున్నం వేసి, పురుగును అందులో వేసింది. వచ్చి మళ్లీ కూర్చుని ఇంకోదాని కోసం వెతకసాగింది.

"నేను ఆసుపత్రికి పోకముందు ఇవి తీయకనే పంటంతా పూడ్చినారంట. అవ్వ చెప్పింది," అంది, మా వైపు చూడకుండా. "మీరిద్దరూ ఎందుకు తీయలేదో కూడా చెప్పింది."

నేనూ అల్లుడూ మొహామొహాలు చూసుకున్నాము.

"నేనేమన్నా పురుగునా?" అంది ఆ పిల్ల.

ఇంకో చిన్నది దొరికింది. దాన్ని గంపలో వేసి, కొంచెం పక్కకు జరిగి, "ఈ వరస అయిపాయ. కింది వరసకు వెలుతురు లేదు, టార్చిలైటు తే తాతా," అంది. నేను టార్చిలైటు తేవడానికి ఇంట్లోకి పోయాను. అది ఎక్కడ పెట్టానో గుర్తుకు రావడానికి, అన్నీ ఒకచోటే పెట్టే నాకు, చాలాసేపు పట్టింది.